ఊపిరి వినిపించే గది

రత్తమ్మకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను కునుకు తీసిన వేళ, పక్కలో ఉన్న పాప ఊపిరి ఆగిపోతుందేమోనని.

ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. ఎప్పుడు చెబుతుంది? పెళ్లయిన ఏడాదికే పురిటికని పుట్టింటికి పోయింది. బిడ్డనెత్తుకుని నరసరావుపేట తిరిగొచ్చి రెండు నెలలు. అత్తా మామా మరుదులూ ఉన్న ఇంట్లో, హనుమయ్యతో ఆమె ఆడిన మాటలన్నీ కలిపినా కొంగు చివర ముడికి చాలవు.

హనుమయ్య బస్సు డ్రైవరు. యుద్ధం మూలాన పెట్రోలు కరువై, బొగ్గుతో నడుస్తున్న బస్సు. మనవరాలికి ఐదో నెల రాగానే కొడుకూ కోడలూ అమరావతిలో రెండు నిద్రలు చేసి రావాలని అత్తగారి మొక్కు. హనుమయ్య సెలవు పెట్టాడు.

అమరావతిలో బస్సు దిగగానే ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని వెనక వస్తున్న రత్తమ్మను చూశాడు. చూసిన చూపు తిప్పుకోవడం మరిచాడు.

“చిన్న ఊరే. గుడి, కృష్ణ, బజారు, పాత స్తూపమున్న దీపాలదిన్నె, అన్నీ నడిచే తిరగొచ్చు. బస ఎక్కడో నువ్వే చెప్పు.”

“నేనా?” రత్తమ్మ ఉలిక్కిపడింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆమెను అలాంటి మాట అడగలేదు.

గుడి పక్కనే సత్రం. ఆడవాళ్లకు లోపలి హాలు, మగవాళ్లకు బయటి వసారా. రత్తమ్మ పాపతో లోపలికెళ్లి ఒక్క క్షణం బిగదీసుకుని నిలబడింది. గుడిలో గంట మోగింది. హాల్లో ఆడవాళ్ల కబుర్లు మోగాయి.

“ఇక్కడొద్దు బావా,” అంటూ బయటికొచ్చేసింది.

హనుమయ్యకు లోలోపల సంతోషమే. వసారాలో పడుకునేందుకు ఇంత దూరం వచ్చాడా?

“అయితే ఏటి ఒడ్డున అద్దెగది చూద్దాం. కిటికీ తీస్తే కృష్ణే!”

కృష్ణ కనిపించింది. గాలి కూడా బాగా వీచింది. ఆ గాలికి తాటాకు పందిరి గలగలలాడుతూనే ఉంది. రత్తమ్మ మళ్లీ బిగదీసుకుని నిలబడి, తల అడ్డంగా ఊపింది.

ఇక మిగిలింది బజారులో అతని పెద్దమ్మ నాగమ్మ ఇల్లు. ఆవిడ ఎదురొచ్చి పాపను ముద్దాడింది. పెరటి గోడ అవతల గానుగ కిర్రుమంటోంది.

“గానుగ ఎప్పుడు ఆపుతారత్తా?”

“ఆపడమేందే! అది తిరిగితేనే గదా ఆళ్ల కడుపు నిండేది!”

రత్తమ్మ మొగుడి వంక బేలగా చూసింది. గుమ్మం దాటుతుంటే నాగమ్మ మాట వెనకాలే వచ్చింది: “పేట కోడలి కంటికి మా కొంప ఆనలేదులేరా!”

వీధి చివరకొచ్చి హనుమయ్య పెట్టె దించాడు.

“ఇంక జమీందారు కోటే మిగిలింది. అడిగి రమ్మంటావా?”

రత్తమ్మ నవ్వలేదు. అతని ముఖంలో నవ్వు కూడా మెల్లగా ఆరిపోయింది.

“నాతో ఉండటమే నీకు ఇష్టం లేదు కదూ? ఇంట్లోనూ చూస్తన్నా. నేను పక్కన ఉంటే నీ కంటి మీద కునుకే ఉండదు. ఆ మాటేదో చెప్పెయ్యి రత్తీ. సాయంత్రం బస్సుకే పోదాం.”

కాదని చెప్పాలి. చెప్పేలోపే కళ్లు నిండాయి.

అరుగు మీద బంతిపూలు గుచ్చుతున్న ముసలమ్మ కసిరింది. “పసిబిడ్డను ఎండలో పెట్టి పంచాయితీ ఏందయ్యా? వెనక నా గది ఖాళీగా ఉంది. పోయి లోపల కొట్టాడుకోండి!”

ఆమె చెన్నమ్మ, గుడికి పూలిచ్చే మనిషి. దీపాలదిన్నె వైపు వీధి చివరి ఆ అరుగిల్లు ఆమెదే. మూరెడు మందం మట్టిగోడల గది. రత్తమ్మ తలుపు వేసి, పాప మీదికి వంగి ఊపిరి బిగబట్టింది.

వినిపించింది. మడత చీర విప్పినంత మెత్తగా.

“ఇక్కడుందాం బావా.”

“ఆగు. పొద్దుటినుంచి ఎక్కడికి పోయినా ఇట్టాగే నిలబడతన్నావు. ఏం వింటన్నావే?”

ఇక దాచలేకపోయింది. ఐదో తరగతిలో ఆమెను బడి మానిపించి అక్క బిడ్డకు ఉయ్యాల ఊపమన్నారు. ఒక మధ్యాహ్నం ఆ బిడ్డ నిద్రలోనే పోయాడు. పక్కనే పడుకున్న అక్కను, మొద్దునిద్ర పోయావని ఊరంతా తిట్టింది.

“అందుకే నేను పడుకోను బావా. నీ మీద ఇష్టం లేక కాదు.”

హనుమయ్య పెట్టె పక్కకు జరిపాడు. తర్వాత చాప మీద బాసింపట్టు వేసుకుని చేతులు చాపాడు.

“ఇటియ్యి. అంత బస్సు ఇంజనులో ఇసుమంత తేడా వచ్చినా పట్టుద్ది నా చెవి. ఈ చిట్టి ఇంజను సంగతి నాకు తెలవదా? దూరాభారం పోయే బండికి ఇద్దరు డ్రైవర్లుంటారు. సగం దారి నువ్వు, సగం దారి నేను.”

“నీకు కునుకు పడితే?”

“డ్యూటీలో ఎప్పుడూ పడలా.”

రత్తమ్మ పాపను అతని ఒళ్లో పెట్టింది. గోడవైపు ఒత్తిగిలింది. రెండుసార్లు తల తిప్పి చూసింది. మూడోసారి తిప్పలేదు.

చెన్నమ్మ మజ్జిగ తెచ్చి గుమ్మంలో నోరెళ్లబెట్టింది. “ఏందయ్యా ఈ చోద్యం! బిడ్డ మగోడి ఒళ్లో, తల్లేమో నిద్రలో!”

“ష్... అవ్వా, ఇంకో డ్రైవరు పడుకుంది.”

గుడిలో దీపాలు పెట్టే వేళకు రత్తమ్మ దిగ్గున లేచింది. పాప కోసం చాపంతా తడిమింది. హనుమయ్య కాళ్లు తిమ్మిరెక్కి కూడా కదలకుండా, అలాగే కూర్చున్నాడు. పాప పెదవి విరుస్తూ అప్పుడే మేలుకుంటోంది.

“రత్తీ, ఒకటడగనా? నిజంగా నేనంటే ఇష్టమేనా?”

“ఇష్టం లేని మనిషి చేతిలో దీన్ని పెట్టి కన్ను మూసేదాన్నా?” అంటూ పాపను అందుకుంది. ఆ అందుకోవడంలో అతని చెయ్యి కూడా కాసేపు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

పసిబిడ్డ ఉన్న ఇంటికి పోతే అందరం బిడ్డనే చూసి వస్తాం. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే, పుణ్యముంటుంది, ఒక్కసారి వెళ్లి ఆ తల్లి కాసేపైనా పడుకుందో లేదో కనుక్కోండి.