అరవై రావాల్సిన చోట

"పూజల పెట్టిన సామాను ముట్టొద్దంటే ముట్టొద్దు!" భద్రమ్మ మూడోసారి అన్నది.

"మీటరొక్కటే అత్తమ్మా. జర పక్కకు జరుగు," అన్నది కోడలు శోభారాణి.

"దసరా నాడు పానా పట్టినోళ్లను నేను సూడలే."

"ఇయ్యాల సూస్తున్నవు గదవ్వా," అన్నాడు శోభారాణి భర్త జితేందర్, పేపర్లోంచి తలెత్తకుండా. "పండుగ పూటనన్న గా సర్కారు బండ్లు మానదు."

జనగామలో అది శోభారాణి ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. వెనకే ఇల్లు. నిఘా విభాగం రికార్డుల్లో దాని పేరు స్టేషన్ ఏడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

బయట తెల్ల కారు. వెనక సీట్లో భూపాలపల్లి ఇంజనీరు ప్రభుదాస్. కరెంటు ప్లాంట్ల రహస్యాలు కొంటున్న విదేశీ ముఠా నాయకుణ్ని కళ్లారా చూసింది అతనొక్కడే. ఆ నాయకుడు మారుపేరుతో నాలుగింటి ఫ్లైట్ ఎక్కుతున్నాడు. అంతలోపు ప్రభుదాస్ హైదరాబాద్ ఎయిర్‌పోర్టు చేరి అతన్ని గుర్తుపట్టాలి.

కారు తెచ్చింది ఏజెంట్ శైలజ. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, పెళ్లికి పోతున్న వేషం.

"జమ్మి తెచ్చినవా?" అని శోభారాణి అడిగితే, "బంగారమే తెచ్చిన," అని రహస్య సంకేతం సరిగ్గానే చెప్పింది. ఆ తర్వాత అన్నది: "బండి ఊరి ముందట ఆగి, మళ్లా ఎట్లనో కదిలింది అక్కా. లోపలి కంప్యూటర్ మాడ్యూళ్ల మధ్య కమ్యూనికేషన్ లేదంటున్నది స్కానర్. ఫాల్ట్ కోడ్లు చెరిపెయ్, చాలు. నేను ఆలేరుల దిగుత, ఇంకో డ్రైవర్ ఎక్కుతడు. ఎట్లయినా ఇయ్యాల సామాను ముట్టరు గద?"

ఆ చివరి మాటే శోభారాణికి ముల్లులా గుచ్చుకుంది. స్కానర్ ఏ మాడ్యూల్ పలకడం లేదో చెబుతుంది. ఎందుకు పలకడం లేదో చెప్పదు.

అత్తను తప్పించుకుని, కుంకుమబొట్టు పెట్టిన మీటరూ పదో నంబర్ పానా తీసుకుని బయటికొచ్చింది. బ్యాటరీ టెర్మినల్ విప్పింది. స్కానర్ తగిలించే పోర్టులో రెండు డేటా వైర్లకు మీటరు ప్రోబులు ఆనించింది. లైను రెండు కొసల్లో చెరొక నూటఇరవై ఓంల రెసిస్టర్. రెండూ సమాంతరంగా కలిసి అరవై చూపాలి.

నలభై చూపింది.

వైరు తెగితే నూటఇరవై వచ్చేది. నలభై అంటే లైనుకు ఎవరో మూడోది తగిలించారు.

గ్లవ్ బాక్స్ వెనక దొరికింది, అగ్గిపెట్టెంత నల్ల డబ్బా.

"ఏందక్కా గది?" అన్నాడు ప్రభుదాస్, వెనక సీట్లోంచి ముందుకు వంగి.

"హైవే మీద స్పీడందుకోంగనే ఇంజిన్‌నూ స్టీరింగ్‌నూ ఆపేది. పెట్టినోళ్ల ఖర్మ, ఊరి ముందటనే మొదలయింది." శోభారాణి శైలజ వైపు తిరిగింది. "గందుకేనా ఆలేరుల దిగుతనన్నది?"

శైలజ డ్రైవర్ సీట్లోకి దూకింది. హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన పిస్టల్ వెనక సీటు వైపు చూపిస్తూ స్టార్ట్ బటన్ నొక్కింది.

ఏమీ కాలేదు. బ్యాటరీ వైరు విప్పి ఉందని ఆమెకు గుర్తొచ్చే లోపే శోభారాణి పానా ఆమె మణికట్టు మీద పడి, పిస్టల్ ఎగిరిపోయింది.

జితేందర్ చేతిలో పేపరు జారిపోయింది.

శైలజను నిఘా విభాగం వాళ్లు తీసుకెళ్లారు. డబ్బా పీకేశాక మీటరు అరవై చూపింది. కారు శోభారాణే నడిపింది. మూడున్నరకు, ఎయిర్‌పోర్టులో గేటు మూసే ముందు, ప్రభుదాస్ ఒక బట్టతలాయన వైపు వేలు చూపించాడు.

పొద్దుగూకినంక అందరూ అన్నాలకు కూర్చున్నారు. ఐదేళ్లుగా శైలజ ప్రతి దసరాకూ ఇక్కడే తినేది. భద్రమ్మ అలవాటుగా ఇంకో విస్తరి వేసి, తీసేసింది. జితేందర్ పేపరు పక్కన పెట్టి శోభారాణి వైపే చూస్తున్నాడు.

శోభారాణి అన్నం కలుపుతూ నెమ్మదిగా అన్నది:

"నాది షెడ్డు పనొక్కటే కాదు. గా రెండో పని మాననుగాక మానను. వచ్చే దసరాకు అన్నీ పూజల పెట్టుకుందం అత్తమ్మా. మీటరూ పదో నంబర్ పానా తప్ప."