గొంతులు మింగిన గోడ

మిట్టమధ్యాహ్నం... గ్రహణచ్ఛాయ సూర్యబింబాన్ని కొద్దికొద్దిగా కబళిస్తున్న ఘోర ముహూర్తం! పట్టపగలే వీధిదీపాలు వెలిగాయి. పొద్దుగూకిందనుకుని పక్షులు గూళ్లకు మళ్లాయి. ఎక్కడి నుంచో వచ్చిన గుడ్లగూబ ఒకటి అపార్ట్‌మెంట్ నీళ్లట్యాంకు మీద వాలి కర్ణకఠోరంగా కూసింది...

సరిగ్గా ఆ వేళ మూడో అంతస్తు పడకగదిలో ఒకడు గోడ బిగిస్తున్నాడు. బయటి చప్పుళ్లు లోపలికి రాకుండా ఇళ్లు కట్టుదిట్టం చేయడం వాడి వృత్తి. అందరూ వాణ్ణి మౌని అంటారు. కిటికీకి రెండు వరసల అద్దాలు, తలుపు సందులకు రబ్బరు పట్టీలు అయిపోయాయి. నాలుగు గోడలకూ చెక్క చట్రాలు కొట్టి, వాటి నిండా దళసరి ఉన్ని కూరాడు. చివరి గోడకు పలక బిగించడమే మిగిలింది. వాడు చుట్టూ చూసి సంచిలోంచి ఒక కపాలం తీశాడు. పొగచూరి నల్లబడిన నరకపాలం! ఉన్ని మధ్య దాన్ని కూర్చోబెట్టి పెదవులు కదిపాడు. ఆ మంత్రానికి ధ్వని లేదు... అయినా గదిలోని గాలి గడగడ వణికింది. వాడు దానిమీద పలక బిగించేసి ఇంటామెను పిలిచాడు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవాలి. పడుకోనిచ్చేదెవరు? నిద్రలేమితో మొన్న ఒక రోగి ఇంజెక్షన్ మరొకరికి ఇవ్వబోయి ఆఖరి క్షణంలో తమాయించుకుంది. ఆ భయంతోనే ఈ పని పెట్టుకుంది.

"ఎవరెవరి చప్పుడు మిమ్మల్ని పడుకోనివ్వట్లేదో ఈ గోడకు చెప్పండమ్మా," అన్నాడు మౌని.

"గోడకా?"

"నా పద్ధతి అంతేనమ్మా."

ఆమె నవ్వుతూనే చెప్పింది. "పైఇంటి పాప కేరింతలు. పక్కింటి సంగీతం టీచరుగారి గొంతు. ఈ రెండూ తగ్గితే చాలు."

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "చెవుల్లో ఇంత దూది పెట్టుకుంటే పోయేదానికి ఇల్లంతా కూరుతున్నావేమే?"

ఆ రోజు ఆమె మొద్దులా నిద్రపోయింది. మర్నాడూ అంతే. అయితే ఆ నిశ్శబ్దంలో ఏదో తేడా ఉంది... గుటక వేసి ఊపిరి బిగబట్టిన నోటిలాంటి నిశ్శబ్దం!

వారం తిరక్కుండానే ఒక పొద్దున, డ్యూటీ నుంచి వస్తుంటే, పైఇంటావిడ పాపను ఎత్తుకుని మెట్లు దిగుతూ ఎదురైంది. మొహం పీక్కుపోయి ఉంది.

"గొంతు బాగానే ఉందంటున్నారండీ డాక్టర్లు. మాట మాత్రం రావట్లేదు."

"ఎప్పటి నుంచి?"

"గ్రహణం రోజు నుంచి. ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగిపోయింది."

పాప నోరు తెరిచింది. వట్టి గాలి వచ్చింది. నర్సు గబగబా మెట్లెక్కింది. పక్కింటి తలుపు తట్టింది. సంగీతం టీచరు తలుపు తీసి, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో తన కంఠం చూపించి మాట రావట్లేదన్నట్లు చేతులు తిప్పేసింది.

నర్సు తన ఇంట్లోకి పరుగెత్తింది. పడకగదిలో ఆ గోడకు వెన్ను ఆనించి అత్తగారు నిలబడి ఉంది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. జుట్టు విరబోసుకుని ఉంది. వృద్ధురాలి నోట పసిపిల్ల గొంతు...

"అమ్మా... ఇక్కడ చీకటిగా ఉంది... తలుపు తియ్యవా..."

 నర్సు అడుగు వెనక్కి వేయలేదు. అత్తగారిని రెక్క పట్టి గోడ నుంచి లాగింది. నాడి చూసి, నేలమీద పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టి, అటక మీది సుత్తి తెచ్చింది.

మొదటి దెబ్బకే వెనక గాలి చల్లబడింది. మూసి ఉన్న వీధి తలుపు తెరవకుండానే మౌని గదిలో నిలిచి ఉన్నాడు! గది తలుపు వాడి వెనక దానంతట అదే మూసుకుంది.

"మీరడిగిందే ఇచ్చానమ్మా. పడుకోండి."

"నేనడిగింది తలుపు సందులు మూయమని. పసిపిల్ల గొంతు నొక్కమని కాదు."

"మాటలోనే ప్రాణం ఉంటుంది. ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లలో పోగేశాను. ఇంకొక్క గొంతు దొరికితే నాకిక చావు లేదు. సుత్తి కింద పెట్టు. లేకపోతే ఆ ఒక్కటీ నీదే."

"తీసుకో. సుత్తి ఎత్తేది గొంతు కాదు, చెయ్యి."

వాడు వేళ్లు ముడిచాడు. ఆమె కంఠంలో మంచుముక్క దిగినట్లయింది. మాట ఆగిపోయింది. ఆమె ఆగలేదు. రెండో దెబ్బ... మూడో దెబ్బ... పలక చీలింది. ఉన్ని పేగుల్లా బయటపడింది. దాని మధ్య పళ్లికిలించి కపాలం! వాడు మీదికి ఉరికేలోగా దాని నుదుటి మీద సుత్తి పడింది.

ఫెళ్లుమంది!

శబ్దం ఆకాశపు గుణం. దాన్ని కలకాలం చెరబట్టే గోడ ఏ యుగంలోనూ లేదు. ఏళ్ల తరబడి బందీలైన గొంతులన్నీ ప్రళయనాదమై ఒక్కుమ్మడిగా లేచాయి. శిశువుల ఏడుపులు, పెళ్లికూతుళ్ల నవ్వులు, ముసలివాళ్ల దగ్గులు... అవి ఆమెను ఒరుసుకుంటూ పోయాయే తప్ప గాయపరచలేదు. తమను దోచినవాణ్ణి వెతుక్కున్నాయి. మౌని చెవులు మూసుకున్నాడు. తలుపు వైపు పాకాడు. కానీ ఆ గదికి సందు అన్నది లేకుండా బిగించింది వాడే! నాదం వాడి నోట్లో దూరింది, ఎముకల్లో మోగింది, నిలువునా వణికించింది. చివరికి వాడి నోటి వెంట ఒకే ఒక్క కేక... అది కూడా వాడిది కాదు.

రెండు వరసల అద్దాలూ భళ్లున పగిలాయి. గొంతులు ఎవరింటికి అవి ఎగిరిపోయాయి.

ఆమె అలవాటు కొద్దీ వాడి నాడి పట్టి చూసింది. మణికట్టు ఆమె వేళ్ల మధ్య బూడిదై రాలింది.

పైన "అమ్మా" అన్న పిలుపు వినిపించింది. ఆ వెంటనే తల్లి ఏడుపు. అత్తగారు కళ్లు తెరిచి గది కలయజూసింది. "ఏమిటే ఈ దుమ్మంతా? ఇప్పుడే కదా ఊడ్చాను."

వీధి తలుపు దబదబ బాదారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ, వెనక నలుగురు.

"ఏంటండీ ఈ గోల? బిల్డింగ్ కూలిపోతోందనుకున్నాం."

నర్సు గొంతు సవరించుకుంది. మాట బొంగురుగానే అయినా తనదే వచ్చింది.

"గోల మా ఇంట్లోంచేనండీ. ఇంకా అయిపోలేదు. నాలుగు గోడలు బిగించాడు, ఒక్కటే పగిలింది."

లోపలికి వెళ్లి సుత్తి ఎత్తింది.