బీరువా మీది కాపీ

పెళ్ళిలో ఫోటోలు తీయడం ఒక ఎత్తు, తీసినవి పోకుండా దాచుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని మీదే అక్కాచెల్లెళ్ళిద్దరూ బతుకుతున్నారు. మందుల షాపు పైన కిటికీ లేని ఒకే ఒక్క గది వాళ్ళది. లోపల ఎప్పుడూ ఏసీ చలి, ఫ్యాన్ల రొద, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఫోటోగ్రాఫర్లు నిద్రలేని కళ్ళతో మెట్లెక్కి వచ్చి, పసిబిడ్డని ఒళ్ళో పెట్టినట్టు తమ కార్డులూ డిస్కులూ అప్పగించి పోయేవాళ్ళు.

పనంతా అక్కది. నోరూ అక్కదే. "ఒక్కచోటే ఉంటే దాన్ని కాపీ అనరయ్యా, దింపుడు కళ్ళం ఆశ అంటారు" అని మొహమాటం లేకుండా అనేసేది. అందుకే ప్రతిదానికీ రెండు కాపీలు తీసేది. ఒకటి షాపు అలమరాలో ఉండేది. రెండోది, షాపుకి ఏదైనా అయినా మిగులుతుందని, ఇంట్లో పడగ్గది బీరువా మీద పెట్టించేది. మోసుకెళ్ళే పని చెల్లిది. బావకి రాత్రి డ్యూటీ కావడంతో పగలంతా ఆ బీరువా పక్కనే మంచం మీద పడి నిద్రపోయేవాడు.

"మరదలా, నేను చేసుకున్న ఒక్క పెళ్ళికే నాకీ గతి పట్టింది. మీ అక్క ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ తెచ్చి నా నెత్తిన పెడుతోంది" అని దుప్పట్లోంచే గొణిగేవాడు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. షాపు తెరిచేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేతిలో పాత తువ్వాలులో చుట్టిన హార్డ్‌డిస్క్. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్‌గా బాగా పేరున్న మనిషి భార్య ఆవిడ.

"ఆయన పోయారు. ఆల్బమ్‌లు ఇంకా అందనివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఇందులో ఉన్నవన్నీ తీసిపెట్టండమ్మా" అంది.

"అయ్యో, ఎలా పోయారండీ?" అని చెల్లి నోరు జారింది. అక్క బల్ల కింద నుంచి కాలు తొక్కింది.

"స్టూడియోలోనే. లోపల గడియ వేసినట్టే ఉంది. ఒంటిమీద కత్తి గాటు ఒక్కటి లేదు. పక్కటెముకలు మాత్రం పొడి పొడి. లారీ కింద పడ్డా అలా విరగవన్నారు డాక్టరు." ఆవిడ లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, ఇటు తిరక్కుండానే అంది. "పనయ్యాక కూడా దాన్ని మీ దగ్గరే ఉంచండి. మా ఇంట్లో వద్దు."

అక్క డిస్కు తగిలించి, చెవి ఆనించి వింది. లోపల టిక్... టిక్... మని చప్పుడు.

"చావుబతుకుల్లో ఉందే ఇది. ముందు ఇంటి కాపీ లాగేస్తా. నువ్వు పట్టుకెళ్ళిపో" అంది.

కాపీ అవగానే చెల్లి దాన్ని చున్నీలో చుట్టుకుని వానలో ఇంటికి పరిగెత్తింది. ఇల్లు వెనక వీధిలోనే. కుర్చీ ఎక్కి బీరువా మీద పెడుతుంటే ఏదో వాసన తగిలింది. తడి మట్టి, దాని అడుగున తుప్పు. తన చున్నీదే కాబోలనుకుంది.

"ఈసారి ఎవరి పెళ్ళి?" బావ కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"నీకెందుకు, నిన్నేమైనా పిలిచారా? పడుకో బావా."

తలుపు దగ్గరకి వేసి షాపుకి వచ్చేసింది.

ఆమె వచ్చేసరికి రెండో కాపీ కూడా అయిపోయింది. ఫోటోలు సరిగా దిగాయో లేదో అక్క ఒక్కో ఫోల్డరూ తెరిచి చూస్తోంది. పూలదండలు, నగలు, నవ్వు మొహాలు. చివర పేరు లేని ఫోల్డరొకటి ఉంది. అక్క దాన్ని తెరిచింది.

కళ్యాణమండపం వెనక ఖాళీ స్థలం. దొంతరగా పేర్చిన కుర్చీలు. నేల మీద ఒక మనిషి పడి ఉన్నాడు. చుట్టూ పట్టుచొక్కాల మగవాళ్ళు. ఒకడి చేతిలో ఇనుప కుర్చీ పైకి లేచి ఉంది. తర్వాతి ఫోటోలో అదే కుర్చీ ఆ మనిషి మొహం మీదకి దిగింది. ఆ తర్వాతి దాంట్లో దవడ ఊడి పక్కకి వేలాడుతోంది. ఎవడో బూటుకాలితో గుండెల మీద ఎక్కి నిలబడ్డాడు. పళ్ళు నేలమీద మల్లెమొగ్గల్లా చెదిరి ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ ఫ్లాష్ వెలుగు. ప్రతి దాంట్లోనూ ఆ మనిషి మిగిలిన ఒంటికన్నుతో కెమెరా వైపే చూస్తున్నాడు. చెయ్యి చాపి.

"సాయం అడుగుతున్నాడే..." అంది అక్క. "ఈ ఫోటోలు తీసినవాణ్ణి చూడు! ఆపండ్రా అని అరవకుండా ఒకటి తర్వాత ఒకటి తీస్తూ నిలబడ్డాడు. పైగా పోలీసులకివ్వకుండా దాచుకున్నాడు."

చివరి ఫోటో వచ్చింది. అదే స్థలం, అవే కుర్చీలు, అదే రక్తం. మనిషి లేడు.

"లేచి వెళ్ళిపోయాడేమో" అంది చెల్లి.

"ఆ దెబ్బలకా?"

అక్క వెనక్కి నొక్కింది. ముందు ఫోటోలోనూ మనిషి లేడు. ఇందాక చూశారు, అందులో ఉన్నాడు. ఇంకా వెనక్కి నొక్కింది. బూటుకాలు గాల్లో నిలబడి ఉంది, దానికింద ఎవరూ లేరు. ఇంకా వెనక్కి. ఎత్తిన కుర్చీ కింద ఉత్త నేల.

అప్పుడే అక్క ఫోను మోగింది. బావ. అక్క స్పీకర్ నొక్కింది.

"ఏమే..." గుసగుసగా వచ్చింది గొంతు. "గదిలో ఎవరో ఉన్నారే..."

"ఎవరండీ?"

"తెలీదు. బీరువా మీద కూర్చున్నాడు. కాళ్ళు కిందికి వేలాడేశాడు... వాటినుంచి బొట్లు పడుతున్నాయి... నా మొహం మీద..."

"లేచి బయటికి వచ్చెయ్యండి!"

"లేవలేకపోతున్నానే... వాడికి... వాడికి దవడ లేదే..."

ధన్‌మని చప్పుడు. ఎవరో పైనుంచి దూకినట్టు. ఆ వెంటనే ఒక దెబ్బ. ఇంకొకటి. బండమీద తడిబట్ట బాదుతున్నట్టు. దాని మధ్యలో బావ కేక. ఆ కేక మనిషిది కాదనిపించింది.

ఇద్దరూ మెట్లమీంచి పడుతూ లేస్తూ పరిగెత్తారు. చెల్లి ఊరికే మూసి వచ్చిన తలుపుకి ఇప్పుడు లోపల గడియ పడి ఉంది. అక్క మోచేత్తో కిటికీ అద్దం పగలగొట్టి, చెయ్యి కోసుకుపోతున్నా లోపలికి దూర్చి గడియ తీసింది.

పడగ్గదిలో బావ తప్ప ఎవరూ లేరు.

కానీ బావ ఊరికే పడి లేడు. జుట్టు పట్టుకు లాగినట్టు తల పైకి లేస్తోంది, నేలకి కొట్టుకుంటోంది. మళ్ళీ లేస్తోంది. మొహంలో మొహం లేదు. ఛాతీ మీద ఏ కాలూ కనపడకుండానే చొక్కా గుంటపడింది, లోపల ఎముక పటుక్కుమంది.

"వదలరా ఆయన్ని!" అక్క వెళ్ళి భర్త మీద పడి కప్పేసింది. అంతే. ఆమె మెడ వెనక్కి విరుచుకుంది. ఎవరో ఎత్తి విసిరినట్టు గోడకి వెళ్ళి తగిలింది. పెదవి చీలి నోటినిండా రక్తం. అయినా పాక్కుంటూ మళ్ళీ మొగుడి మీదకే వచ్చింది. ఆ రక్తంలోంచే అరిచింది.

"డిస్కు! పగలగొట్టవే దాన్ని!"

చెల్లి కుర్చీ ఎక్కి డిస్కు అందుకుంది. జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలిపోతోంది అది. నేలకేసి కొట్టింది. పగల్లేదు. మూలనున్న ఇస్త్రీపెట్టె తీసుకుని ఒక్క దెబ్బ వేసింది. పైడబ్బా సొట్టపడింది. రెండో దెబ్బకి ఎత్తేలోగా ఆమె ఎడమచేతి మీద బూటుకాలు పడింది. కనపడలేదు. కానీ పడింది. మెల్లగా నలిపింది... వేళ్ళు ఒక్కొక్కటీ విరుగుతుంటే ఆ చప్పుడు తనకే వినపడింది. చెవి పక్కన ఊపిరి. తడి మట్టి వాసన. చీలిన గొంతులోంచి ఏదో అంటున్నాడు. మాటలు కావు. దవడ లేనివాడికి మాటలెక్కడివి...

కుడిచేత్తో ఇస్త్రీపెట్టె దించింది. మళ్ళీ దించింది. లోపలి అద్దంలాంటి పళ్ళెం భళ్ళున పగిలి ముక్కలు మొహానికి తగిలాయి.

చేతిమీది బరువు పోయింది. బావ తల నేలమీద వాలిపోయింది. బయట వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

పక్కింటివాళ్ళు ఆటోలో వాళ్ళని ఆసుపత్రికి చేర్చారు. అక్క మాత్రం దారిలో దిగిపోయింది. ఎవరు చెప్పినా వినలేదు. చాలాసేపటికి పెదవికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆసుపత్రి బల్లమీద చెల్లి పక్కన కూలబడింది.

"షాపులో కాపీ, ఆవిడిచ్చింది, రెండూ సుత్తితో పొడి చేసేశాను. మురిక్కాలవలో కలిపేశాను. కంప్యూటర్ కూడా బద్దలుకొట్టా" అంది. ఊపిరి తీసుకుంది. "ఎక్కడా ఒక్కటి కూడా లేదిప్పుడు. నా చేత్తో ఒక్కటి కూడా లేకుండా చేశానే..."

ఏ ఫోటో పోయినా తిండి మానేసే మనిషి. చెల్లి మంచి చేత్తో అక్క భుజం పట్టుకుంది. బావ బతుకుతాడని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఒక కన్ను మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు. బతికితే చాలనుకున్నారు ఇద్దరూ.

ఇంతలో ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంది. లోపల ఫోటో తీసే అతను విసుగ్గా బయటికి వచ్చాడు.

"తీసేటప్పుడు పేషెంటు దగ్గర ఎవరూ ఉండొద్దని చెప్పాను కదమ్మా? లోపలికి ఎవరెళ్ళారు?"

"మేమిక్కడే ఉన్నామండీ. ఎవరూ వెళ్ళలేదు" అంది చెల్లి.

"మరి ఇదేంటి?" అతను గుమ్మం పక్క బల్లమీదున్న కంప్యూటర్ తెర వాళ్ళ వైపు తిప్పాడు. నల్లటి తెరమీద బావ ఛాతీ ఎముకలు తెల్లగా, విరిగిన చోటల్లా మసకగా కనపడుతున్నాయి. వాటిమీద అడ్డంగా ఒక చెయ్యి. ఐదు వేళ్ళ ఎముకలూ విడివిడిగా, చాపి, బావ గుండెని పట్టుకున్నట్టు.

అక్క పెదవికున్న గుడ్డ తీసేసింది.

"చెరిపెయ్యండి" అంది. "బాబూ, నీకు దణ్ణం పెడతా. ఇప్పుడే చెరిపెయ్యి."

"చెరపడమేంటమ్మా?" అతను ఆశ్చర్యంగా చూశాడు. "తీయగానే పైన డాక్టరుగారికి, ఆపరేషన్ గదికి, పెద్దాసుపత్రికి వాటంతటవే వెళ్ళిపోతాయి. ఎప్పుడో వెళ్ళిపోయాయి."

అతని వెనక, తెరమీద ఎముకలున్నాయి. చెయ్యి లేదు.