ఎర్ర బంగళాకు అన్నం

ఫెరార్‌గంజ్ దాటి ఖాడీ, అంటే ఉప్పుటేరు, వైపు మళ్ళే రోడ్డులో ఆటోవాళ్ళు హారన్ కొట్టరు. కొడితే ఎర్ర బంగళా బదులు పలుకుతుందట. ఈ మాటకి నవ్వే మగాళ్ళు చాలామందే ఉన్నారు… పగటిపూట.

దాని ఇటుకలు చేసినవి బేడీలున్న చేతులు. ఎవరో తెల్లదొర ఖైదీల చేత మట్టి తొక్కించి, బట్టీ కాల్పించి, పగడపు రాళ్ళ సున్నంతో కట్టించాడట. మూరెడు మందం గోడలు. కొన్ని ఇటుకల మీద ఇప్పటికీ వేళ్ళ గుర్తులు కనిపిస్తాయి. ఒంటి మీద చెమట ఆరని ఈ దీవిలో ఆ మహానుభావుడు చలి కాచుకోడానికి గోడలో పొయ్యి, దానికో పొగగొట్టం కూడా పెట్టించాడు! తర్వాత జపానువాళ్ళు దిగారు. వాళ్ళు లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించలేదంటారు. సునామీ వచ్చిన ఏడాది భూకంపానికి సిమెంటు ఇళ్ళు పగిలాయి గానీ, ఆ బంగళా ఒక్క ఇటుక రాల్చలేదు. దాంతో దాని పేరు ఇంకా చెడింది.

అలాంటి చోటికి అచ్చమ్మ రోజూ సాయంత్రం అన్నం మోసుకెళ్ళేది.

అచ్చమ్మ కొడుకు భానుప్రకాష్, కోడలు కనకలక్ష్మి తమ్ముడు మణికుమార్ ఇద్దరూ ఒకే డింగీ పడవలో చేపల వేటకెళ్ళారు. తిరగబడిన డింగీ దొరికింది. మణి శవం దొరికింది. భాను దొరకలేదు.

"అగ్గి దక్కని పేణం తల్లీ… ఎర్ర బంగళాలో ఆకలితో తిరుగుతున్నానని కల్లో సెప్పాడు. ఏడాది తిరిగేదాకా ముద్దెట్టాల," అంది అచ్చమ్మ. పదోనాడు తన చేత్తోనే కోడలి గాజులు తీసి, కోడలికంటే ఎక్కువ ఏడ్చింది.

కనకలక్ష్మికి ఆ ఏడుపే ఊతమైంది. తల్లి లేని పిల్ల. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఇక మిగిలింది ఈ అత్తే. రోజూ వేడన్నం, చేపల పులుసు, పక్కన ఓ పచ్చిమిరపకాయ తనే క్యారేజీలో సర్ది ఇచ్చేది. చచ్చినవాడికి మిరపకాయేంటని ఎవరూ నవ్వలేదు. కన్నపేగు కదా అని ఊరుకున్నారు.

ఒకనాడు అచ్చమ్మకి ఒళ్ళు పేలిపోయే జ్వరం వచ్చింది.

"నేనెల్తానత్తా. ఆకలితో ఉంటాడు."

"వద్దు! ఆడు… ఆడు నిన్ను తీసుకుపోతాడే!" ముసలిది లేవబోయి కూలబడింది.

"తీసుకుపోనీ," అంది కనకలక్ష్మి. నిజంగానే అంది.

దీవుల్లో గడియారం మెయిన్‌లాండ్‌దే గానీ సూర్యుడు మనవాడు. ఐదున్నరకే చీకటి పడిపోతుంది. మలుపులో టీకొట్టు అప్పయ్య అడ్డొచ్చాడు.

"దీదీ, మత్ జావో, ఎల్లొద్దు. ఇక్కడే ఎట్టేసి పో. దెయ్యానికి కాళ్ళు ఎనక్కున్నా నడిసొస్తాది."

ఆమె ఆగలేదు.

కమానుల కింద వరండా చీకటి గుయ్యారంలా ఉంది. క్యారేజీ అరుగు మీద పెట్టి, దణ్ణం పెట్టి, వెనక్కి తిరగబోయింది. అప్పుడు… బీడీ వాసన. వరండా అంచు నుంచి తలెత్తి చూస్తే, పొగగొట్టంలోంచి సన్నగా పొగ.

లోపల ఎవరో దగ్గారు.

"అమ్మా… ఇంత ఆలీసమేటి?"

అది భాను గొంతు. అయినా పారిపోలేదు. ఎన్ని రాత్రులు ఆ గొంతు కోసం ఏడవలేదు! దెయ్యమైతేనేం, తనవాడే కదా. తలుపు తోసింది.

ఫోను వెలుతురులో ముందు కాళ్ళు చూసింది. అవి ముందుకే ఉన్నాయి. పొయ్యి పక్కన చాప మీద గడ్డం మాసిన భాను. గోడ మేకుకి నారింజ రంగు లైఫ్ జాకెట్.

"కనకం…" అతను చేతులు జోడించాడు. "జాకెట్ ఒక్కటే ఉండేది. మణి ఒంటిమీదిది… నేను లాక్కున్నాను… పేణం తీపే. నీకు మొహం సూపించలేక అమ్మకి సెప్పాను. అమ్మే ఇక్కడ దాసింది."

చచ్చినవాణ్ణి కావలించుకోడానికి వచ్చిన మనిషి, బతికున్నవాణ్ణి చూసి వెనక్కి జరిగింది. గాజులు తీసిన చేతులూ, ఆ ఏడుపూ, ఆ కలా… అన్నీ అబద్ధమే. తమ్ముణ్ణి చంపినవాడికి ఇన్నాళ్ళూ తన చేత్తోనే వండి పెట్టింది.

క్యారేజీ తీసుకుని బయటికొచ్చింది. వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగి చూడలేదు.

టీకొట్టు దగ్గర అప్పయ్య గుసగుసగా అడిగాడు. "దెయ్యం ఉందా దీదీ?"

"ఉంది భయ్యా. మనిషంత ఉంది."

ఇంట్లో అచ్చమ్మ జ్వరంలోనే కళ్ళు తెరిచింది. కోడలి చేతిలో బరువుగా ఉన్న క్యారేజీ చూసింది.

"తిన… తినలేదా ఆడు?"

"చచ్చినోళ్ళు తినరత్తా. బతికున్నోడైతే ఆకలికి బయటికొస్తాడు. అప్పుడు ఊరంతా చూస్తాది."

తర్వాత కంచం కడిగి, అన్నం ముద్ద చేసి, పులుసు పోసి, మణికుమార్ ఫొటో ముందు పెట్టింది.

"తిను నాన్నా," అంది. "ఇన్నాళ్ళూ నీకు పెట్టలేదు."