తడబాటు బిళ్ళ

అంగారకుడి మీద అద్దాల గుమ్మటం కింద కట్టిన ఊరు అరుణపురం. అక్కడ గాలీ, చోటూ కొలిచి ఇచ్చేవే. అందుకే బడిలో సంగీతం గది తీసేసి పాలకూర పెంచుదామని తల్లిదండ్రుల సంఘం పట్టుబట్టింది. రేపే ఓటింగు.

డాక్టర్ ధరణీధర్ కనిపెట్టిన స్వరబిళ్ళ వచ్చాక సంగీతం టీచరుతో పనేముంది? చెవి వెనక అంటిస్తే చాలు. శ్రుతి తప్పబోతున్నట్టు ముందే పసిగట్టి, గొంతు కండరాలకు విద్యుత్ సంకేతం పంపి సరిదిద్దుతుంది. సరళీ వరసలు రాని పిల్లాడు కూడా కీర్తన అందుకుంటాడు.

ఆ సాయంత్రం బడి వార్షికోత్సవంలో పిల్లలు వరసగా పాడారు. ఒక్క అపస్వరం లేదు, వినే నాథుడూ లేడు. పెద్దలు కబుర్లలో పడ్డారు.

చివర్లో ధరణీధర్ కూతురు ఇందుజ వచ్చింది. చెవిలో చీము పట్టడంతో వైద్యుడు బిళ్ళ పెట్టొద్దన్నాడు. పాపం, సంగీతం టీచర్ పద్మాసిని దగ్గర సరళీ వరసల నుంచీ నేర్చుకుంటోంది. రెండో చరణంలో శ్రుతి తప్పి ఆగిపోయింది.

ధరణీధర్ తల దించుకున్నాడు. హాల్లో కబుర్లు ఆగి అందరూ వేదిక వైపు తిరిగారు. వేదిక మీద ఇందుజ పక్కనే కూర్చున్న టీచర్ మాత్రం తొడ మీద తాళం ఆపలేదు. ఇందుజ ఆ చేతినే చూస్తూ మళ్ళీ అందుకుంది. వణుకుతున్న గొంతుతోనే చివరిదాకా లాక్కొచ్చింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. ధరణీధర్‌కి ఏడుపొచ్చింది. బాగా పాడిందా అంటే లేదు, మరి ఈ ఏడుపెందుకో బోధపడలేదు.

అంతలో తల్లిదండ్రులు చుట్టుముట్టారు.

"ఆ కొత్త బిళ్ళ మావాడికీ ఇప్పించండి సార్! ఎంత ముద్దుగా తడబడింది!"

"అయ్యో, బిళ్ళ లేదండీ. చెవిలో చీము."

"సొంత పిల్లకి పెట్టుకుని మాకు చీమంటారా?"

మర్నాడు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంగీతం గదిలో పాలకూర, ధరణీధర్ చేత తడబాటు బిళ్ళ. వద్దనాలని నోటిదాకా వచ్చింది గానీ, అంతమంది తన బిళ్ళ కోసం ఎగబడుతుంటే ఆయన చెయ్యి కూడా లేచింది. తను గెలిచాడో ఓడాడో తేల్చుకోలేక తిన్నగా సంగీతం గదికి వెళ్ళాడు. పద్మాసిని తంబురాకి గుడ్డ చుడుతోంది.

"టీచర్, పాటలో ఎక్కడ తడబడితే అందంగా ఉంటుందో మీరు కాస్త చెప్పాలి. బిళ్ళలో పెట్టాలి."

ఆమె గుడ్డ చుట్టడం ఆపింది.

"ముందే తెలిస్తే అది తడబాటెలా అవుతుంది సార్? పిల్ల ఆగిపోయినప్పుడు నాకూ గుండె ఆగినంత పనైంది. మళ్ళీ అందుకుంటుందని నాకేం తెలుసు?"

చుట్టిన గుడ్డ విప్పింది. తంబురా శ్రుతి చేసి ఒడిలో పెట్టుకుంది.

"గది ఇంకా ఇవాళ్టికి నాదే. కూర్చోండి. ఒక్క 'సా' పాడండి, మీకే తెలుస్తుంది."

ధరణీధర్ కూర్చున్నాడు. నోరు తెరిచాడు. 'సా' ఇంకా రాకముందే చెయ్యి, తనకు తెలియకుండానే, జేబులో స్వరబిళ్ళ కోసం తడుముకుంటోంది.