మెచ్చుకుంటే ఇచ్చేసే ఇల్లు

శనివారంలోపు హోహెపా చేయవలసిన పనులు ఇవి. కుయి పిరిహీరా ఇంటికి వెళ్లాలి, వట్టి చేతులతో కాదు. భోజనాల బల్ల ఎక్కి కూర్చోకూడదు, మావోరీలకు అది తప్పు. ఇంట్లో వస్తువులు చూపించి పెద్దది, ఎర్రది, పాతది అంటూ ఒక్కోదాన్ని మావోరీలో వర్ణించాలి. ఇంగ్లీషు ముక్క దొర్లకూడదు. చివరిది అతను సొంతంగా చేర్చుకున్నాడు: పాఠం చెప్పే కహురంగి వైపు అస్తమానం చూడకూడదు.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

హోహెపా ఆక్లండ్‌లో పెరిగాడు. వాళ్లింట్లో మొదటి డిగ్రీ అతనిదే. కానీ మావోరీ మాట తాతతోనే ఆగిపోయింది. టోకొమారు ఊళ్లో లెక్కల మాస్టారుగా చేరాక, సాయంత్రాలు మావోరీల సభాస్థలమైన మరాయె హాల్లో కహురంగి క్లాసులో కూర్చోసాగాడు. కుయి పిరిహీరా ఆమె అవ్వ; పెద్దావిడలని అక్కడ కుయి అనే పిలుస్తారు.

పొగబెట్టిన చేప పట్టుకుని అవ్వ ఇంటికెళ్లాడు. గిన్నె చూపించి, "ఇపు ఫెరో" అన్నాడు. ఎర్ర గిన్నె.

కుయి ముఖం వెలిగిపోయింది. "నచ్చిందా మోకో, మనవడా? తీసుకో!"

సరైన జవాబుకి ప్రైజు కాబోలనుకున్నాడు. హుషారొచ్చింది. "తూరు తఫితో!"

"పాత కుర్చీయే, కానీ గట్టిది నాయనా. నీ కారులో పడుతుందా?"

కిటికీ పక్కన మేకుకి అల్లిక బుట్ట వేలాడుతోంది. "కెతె ఆతాహువా!" అన్నాడు మనస్ఫూర్తిగా. ఎంత అందమైన బుట్ట!

కుయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు చేతులతో దించి అతని చేతుల్లో పెట్టింది.

తర్వాతి క్లాసు రోజు వాన. తడుస్తూ పరుగెత్తుకొచ్చిన కహురంగి అతని కారు వెనక సీట్లో కుర్చీ, గిన్నె, బుట్ట చూసి టక్కున ఆగింది.

"ఏం మాస్టారూ! మా అవ్వ ఇల్లు ఖాళీ చేసి కొత్త కాపురం పెడుతున్నావా?"

"ప్రైజులనుకున్నానండీ!"

"ప్రైజులా? పాతకాలం వాళ్ల ముందు వస్తువుని మెచ్చుకుంటే అడిగినట్టేనయ్యా! చేతిలో పెట్టేస్తారు."

"ఇప్పుడే తిరిగిచ్చేస్తాను."

"ఇచ్చి చూడు! ఇచ్చినదాన్ని వెనక్కి తెస్తే చెంపమీద కొట్టినట్టే. మళ్లీ గడప తొక్కనివ్వదు." ఆమె గొంతు తగ్గింది. "ఆ బుట్ట మా అమ్మ అల్లింది. అమ్మ పోయాక మాకు మిగిలింది అదొక్కటే."

ఆమె బుగ్గమీద జారింది వాన చినుకో కాదో హోహెపాకి తెలియలేదు. ఆ సాయంత్రం క్లాసులో ఆమె అతన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఆ వారమంతా అతను కుయి ఇంటి కప్పు బాగుచేశాడు, కట్టెలు కొట్టాడు. చివరికి టీ తాగుతూ నసిగాడు. "కుయీ, మీరిచ్చింది నేను ఇంకొకరికి ఇవ్వచ్చా?"

"నీదయ్యాక నన్నడుగుతావేం? మెచ్చుకున్నవాళ్లకివ్వు," అని కుయి మూతి బిగించి నవ్వాపుకుంది. మర్నాడు క్లాసుకి తనూ వస్తానంది.

క్లాసులో అతను బుట్టని కహురంగి ముందు పెట్టాడు.

"టీచర్‌గారూ, పాఠం మర్చిపోయాను. దీన్ని ఎలా వర్ణించాలి?"

"ఆటలాడుతున్నావా?"

"పాఠం అడుగుతున్నానండీ. చెప్పకపోతే నేనెలా నేర్చుకోను?"

ఆమె బుట్ట వైపు చూసింది. అల్లిక మీద వేలు పెట్టింది. "కెతె..." వేలు అల్లిక వెంట నడిచింది. "కెతె ఆతాహువా."

అతను అప్పటికే లేచి నిలబడ్డాడు, రెండు చేతుల్లో బుట్టతో. "నచ్చిందా? తీసుకోండి."

కహురంగి దాన్ని గుండెకి హత్తుకుంది. రేకుల మీద వాన చప్పట్లు కొట్టింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, మూలన కూర్చున్న అవ్వ వైపు తిరిగింది.

"కుయీ, ఈ మాస్టారు చాలా మంచివాడు."

క్లాసంతా ఈలలు వేసింది.

"నాతో అంటావేమే? వాడు నా ఇంటి సామానా? వాడితోనే అను!"

హోహెపా చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను నేను ఎప్పుడో ఇచ్చేశాను టీచర్‌గారూ. మీరే చూసుకోలేదు."

"చూడకేం? క్లాసులో బోర్డు వైపు చూడనిది నువ్వొక్కడివేగా!" అంది కహురంగి, నవ్వుతూ, ఏడుస్తూ.

వాళ్ల పెళ్లికి దీవెన చదివింది కుయి పిరిహీరాయే. తాతతో ఆగిపోయిన మాట ఇవాళ హోహెపా పిల్లల నోట పలుకుతోందంటే ఆమె చలవే. ఆమె ఇప్పుడు లేదు. మీరెప్పుడైనా ఒక వస్తువుని చూసి నోరారా బాగుందంటే, ఆ అవ్వని ఒక్కసారి తలుచుకోండి.