జంపఖానాలు దించిన కారు

"ఆ మూటలు దింపుండ్రి. ఇది లారీ కాదు," అన్నాడు వెంకట్రాజం.

డ్రైవింగ్ లైసెన్సులకు పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు అతను. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు. రెండింటినీ చూసుకుని మురిసేవాడు.

పరీక్షకు వచ్చింది కళావతి. కాశిబుగ్గలో జంపఖానాలు అమ్మే సాంబయ్య కూతురు ఆమె. వెనక సీటు మీది జంపఖానాల మూటలన్నీ తానే మోసి ఆఫీసు వసారాలో పెట్టి, మళ్లీ స్టీరింగు ముందు కూర్చుంది. ఎనభై ఆరో సంవత్సరం వానాకాలం. సుబేదారి మైదానంలో ముసురు. కారు నడిపే ఆడపిల్లలు ఊళ్లో తక్కువ. చూడటానికి వచ్చిన మగవాళ్లు ఎక్కువ.

రెండో మలుపులో కారు గిర్రున తిరిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగింది.

"ఫెయిల్."

"నేను తిప్పలే సార్. ఎనక చక్రాలు వాటంతట అవే జారినయ్."

"చూడమ్మా, ఈ బండిని లాగేది ముందు చక్రాలు. జారితే ముందు జారాలె. ఎనక జారిందంటే నువ్వు హ్యాండ్ బ్రేకు గుంజినవ్."

"గుంజలే."

"మరి దయ్యం గుంజిందా?"

"మీరే గుంజిండ్రేమో. పక్కన కూసున్నది మీరే కదా."

జనం నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వలేదు. లైసెన్సు రాకపోతే డ్రైవరును పెడతానని, తాళంచెవి మళ్లీ ముట్టనివ్వనని సాంబయ్య ముందే చెప్పాడు. మరిపెడ దాకా దుకాణాలకు సరుకు వేయడం ఒక్కటే ఆమె కోరుకున్న పని.

"మీరు నడుపుండ్రి సార్. జారకపోతే ఫెయిలని ఒప్పుకుంట."

అందరి ముందూ అడిగింది. తప్పించుకోలేకపోయాడు. మలుపులో జాగ్రత్త పడదామని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. కారు వెనక భాగం పక్కకు విసురుకుపోయింది. బురదలో ఆగింది. దిగితే బూట్లూ అందులోనే.

"హ్యాండ్ బ్రేకు గుంజిండ్రా సార్?"

ప్రేమ పుట్టడానికి అంతకంటే బుద్ధిలేని సమయం లేదు. వెంకట్రాజానికి అప్పుడే పుట్టింది.

ఇద్దరూ వంగి చక్రాలు చూశారు. బ్రేకులు పట్టెయ్యలేదు. టైర్లు అరగలేదు.

"ఇంతకుముందు ఎన్నడన్న జారిందా?"

"లేదు. మా నాయిన పక్కన ఉంటడు, రోజూ గీ వానలనే నడుపుత."

"మరి ఇయ్యాల ఏం ఫరక్?"

ఆమె వసారా వైపు చూసింది. "రోజూ ఆ మూటలు ఎనక ఉంటయ్. ఇయ్యాల మీరు దింపిచ్చిండ్రు."

అతను గాలి కొలిచే గేజి తెచ్చి పెట్టాడు. వెనక టైర్లలో, ముందు వాటికి దాదాపు రెట్టింపు గాలి.

"ఇంత గాలి ఎవరు కొట్టిచ్చిండ్రు?"

"మా నాయిన. బరువుకు టైరు కూసుంటదని."

బరువున్నన్నాళ్లు సాగింది. మూటలు దిగాక, రాయిలా బిగిసిన టైరు తడి నేలను పట్టలేదు. మలుపులో కాలు తీయగానే వెనక ఉన్న కాస్త బరువూ ముందుకు పోయింది. తప్పు సాంబయ్యది, వెంకట్రాజానిది. ఇద్దరిలో ఎవరూ ఆమెకు క్షమాపణ చెప్పలేదు.

గాలి తగ్గించాక ఆమె మైదానమంతా తిప్పింది. కారు చెప్పినట్టు విన్నది.

"ఇగ పరీక్ష పెట్టుండ్రి."

"నేను పెట్ట. మంగళవారం ఇంకో ఇన్‌స్పెక్టరు వస్తడు, ఆయన పెడ్తడు."

"మళ్ల ఏమొచ్చింది మీకు?"

"ఇంటోళ్లకు మేం పరీక్ష పెట్టొద్దు. రూలు."

"నేనెప్పుడు మీ ఇంటిదాన్నైన?"

"ఇంక కాలే. అయితవా అని అడుగుతున్న."

వాన జోరందుకుంది. ఆమె వైపర్ వేసి అద్దం మీది నీళ్లు తుడిచింది.

"జర ఆగుండ్రి. లైసెన్సు వచ్చినంక చెప్త," అంది.

మంగళవారం పాసయింది. అతను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పిలవకుండానే వచ్చాడు, సెలవు పెట్టి. ఆమె అతని పక్కన కారు ఆపి, ఎడమ వైపు తలుపు తీసింది.

"ఎక్కుండ్రి. కాశిబుగ్గకు పోదాం. మా నాయినతోని మీరే మాట్లాడాలె."

"నేను నడపనా?"

"వద్దు."

అతను ఎక్కి కూర్చున్నాడు.